మన ఆయనకు జ్వరం

మడతపేచీ అత్తకు ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై ఆరేళ్లుగా లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని ఆమెది కాబట్టి సగం పేరు చేతిది. మిగతా సగం నోటిది. "కాస్త ఆలస్యమైందత్తా" అని ఎవరైనా అంటే "కాస్తంటే ఎంత?" అని అడిగి, నిమిషాలు చెప్పించుకుని, అందులో కూడా రెండు నిమిషాల తేడా పట్టుకునే మనిషి. లాండ్రీ మేనేజరు ఆమెతో వాదనకు దిగేముందు మంచినీళ్లు తాగి వస్తాడని చెప్పుకుంటారు. పేరు పెట్టినవాళ్ల మీద ఆమెకు కోపమేమీ లేదు. "పేచీ పెట్టకపోతే ఈ లోకంలో ఒక్క మడతైనా తిన్నగా వస్తుందా?" అనేది.

దుప్పటి మడతకు ఇద్దరు కావాలి. వేడి రోలర్లలోంచి దుప్పటి బయటికి రాగానే ఎదురెదురుగా నిలబడి చెరి రెండు కొసలు పట్టుకోవాలి. ఒక్క దులుపు దులిపి, అంచుకు అంచు కలిపి, నాలుగడుగులు ముందుకొచ్చి, ఒకరి చేతిలోని కొసలు ఇంకొకరు అందుకోవాలి. జోడీ కుదిరితే నిమిషానికి మూడు దుప్పట్లు. కుదరకపోతే మొగుడూ పెళ్లాల తగువే. అత్త నోటికి దడిసి ఏడుగురు జోడీలు పారిపోయారు. ఎనిమిదో మనిషి కొత్తమ్మాయి.

ఎక్కడో దూరదేశంలో గొడవలైతే, మొగుడితోనూ మామగారితోనూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన పిల్ల. భాష వేరు, మతం వేరు, తలకు గుడ్డ చుట్టుకునే తీరు కూడా వేరు. లాండ్రీలో చేరి రెండేళ్లయింది. ఆమె తర్వాత ఇంకో నలుగురు చేరారు. అయినా కొత్తమ్మాయి కొత్తమ్మాయే. అత్త తిడితే సగం అర్థం కాక, అర్థమైన సగానికి నవ్వేది. అందుకే ఆ జోడీ నిలబడింది.

ఆ పిల్లకు భాష నేర్పింది కూడా అత్తే. నేర్పానని ఊరంతా చాటుకుంది కూడా. అసలు తంటా అక్కడే వచ్చింది.

చేరిన రెండో వారం, భోజనాల వేళ, కొత్తమ్మాయి ఎంతో కష్టపడి ఒక వాక్యం కూడబలుక్కుని, "అత్తా, పొద్దుట్నుంచి మేము రెండొందల దుప్పట్లు మడిచాం" అంది.

అత్త చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "మేమా? ఎవరే మీరు? ఆ చివర రెండు కొసలు పట్టుకుంది దెయ్యమా? నేనూ ఉన్నాను కదే! మనం అనాలి, మనం!"

"నన్ను కలుపుకుంటే మనం, నన్ను వదిలేస్తే మేము" అని ఇంకో ముక్క చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు. చెప్పలేదు. పైగా "ఈ బల్ల దగ్గర మేము గీము అన్నావంటే ఊరుకోను. ఇక్కడ అంతా మనమే" అని గదమాయించింది. మనకైతే తల్లిపాలతో వచ్చిన తేడా అది, ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? బుద్ధిమంతురాలు కాబట్టి చెప్పిన మాట తుచ తప్పకుండా పాటించింది. మేము, మా అనే మాటల్ని నోట్లోంచి శుభ్రంగా తుడిచేసింది.

నెల తిరక్కుండానే ఫలితం కనబడింది. ఒకరోజు ఆలస్యంగా, రొప్పుకుంటూ వచ్చి, "ఏమీ అనుకోకండత్తా, మన ఆయనకు జ్వరం" అంది.

బల్ల చుట్టూ ఉన్న ఆరుగురు ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దిండు గలీబుల దగ్గర పనిచేసే ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని "అయ్యయ్యో! మన ఆయనకే! మందేమైనా వేశావా తల్లీ మన ఆయనకి?" అంది. అంతే, నవ్వులే నవ్వులు. అందరూ నవ్వుతున్నారు కదా అని కొత్తమ్మాయి కూడా నవ్వింది. ఒక్కరంటే ఒక్కరు దిద్దలేదు. రెండేళ్ల పాటు మన ఆయన ఏం తిన్నాడు, మన ఆయన ఎందుకు అలిగాడు, మన మామగారు ఏమన్నారు, అన్నీ ఆ బల్ల మీద దొర్లాయి. నవ్వు నాలుగు విధాల చేటన్నారు పెద్దలు. ఆ నాలుగూ ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పరు గానీ, ఐదోది మాత్రం అత్తకు ఆ ఏడాది తెలిసొచ్చింది.

లాండ్రీ వెనకే కాలనీ. నాలుగు బ్లాకులు, మధ్యలో ఒక హాలు. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు ఫ్యాన్లు, ఒక క్యారమ్ బోర్డు. అత్త కుటుంబం ముందు బ్లాకులో, కొత్తవాళ్ల కుటుంబాలు పదకొండు వెనక బ్లాకులో. వాళ్లు వారానికోసారి, సెలవునాటి మధ్యాహ్నం, అందరూ కలిసి ప్రార్థన చేసుకుంటారు. అది కూడా మూడో అంతస్తులో ఒకరింట్లో, రెండు గదుల్లో ముప్పై మంది. హాలు ఆ ఒక్క గంటా ఇప్పించమని కాలనీ సంఘానికి అర్జీ పెట్టుకున్నారు.

అంతే, కాలనీ రెండుగా చీలిపోయింది. అప్పటికే టీవీలో పొద్దస్తమానం అదే గోల. వచ్చినవాళ్లు ఉండాలా పోవాలా, ఉంటే ఎలా ఉండాలి, ఎవరి దేవుడు ఎవరి గుమ్మం దాకా రావచ్చు అని నలుగురు కూర్చుని అరుచుకునేవాళ్లు. ఇప్పుడు కాలనీ మెట్ల మీద కూడా అదే మొదలైంది. మందుల షాపాయన హాలు ఇవ్వకూడదని ఒక కాగితం రాసి, కౌంటరు మీద పెట్టి, వచ్చినవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించాడు.

అత్త బీపీ మాత్రల కోసం వెళ్లింది. ఆయన కాగితం ముందుకు తోశాడు. "ఇవాళ గంటత్తా. రేపు పూటంటారు. చోటిస్తే ఇల్లంతా నాదే అన్నాడట వెనకటికెవడో." అత్తకు సామెత నచ్చింది. హాల్లో సెలవు మధ్యాహ్నాలు ఫ్యాను కింద తనకొక కునుకు అలవాటు కూడాను. ఇరవై ఆరేళ్లుగా ప్రతి మాటకూ పేచీ పెట్టిన మనిషి, ఆ ఒక్క కాగితం మీద మాత్రం ఏ పేచీ పెట్టకుండా ఇంటి నంబరు వేసి సంతకం గీకేసింది. ఆరో వరుసలో.

ఆ మర్నాడే దుప్పటి మడుస్తూ కొత్తమ్మాయి చెప్పింది. "మన మామగారు ప్రార్థన చదివించే మనిషి అత్తా. ఆయన ఉండేది కింద, ప్రార్థన మూడో అంతస్తులో. మోకాళ్లు పోయాయి. కుర్చీలో కూర్చోబెట్టి మోసేవాళ్లం. పోయిన నెల మెట్ల మీద కుర్చీ జారింది. దెబ్బ తగల్లేదు, కానీ సిగ్గుపడ్డారు. ఇక రానన్నారు. ఇప్పుడు ప్రార్థన గంటకి కిటికీ పక్కన ఒక్కరే కూర్చుని, పైనుంచి వినిపిస్తుందేమో అని చెవి పెడతారు. హాలు ఇస్తే మళ్లీ చదివిస్తారు."

ముందు చెప్పి చావొచ్చు కదే, అనుకుంది అత్త. పైకి మాత్రం "ఇస్తార్లే" అంది. సాయంత్రం మందుల షాపు ముందు ఆగింది. లోపల జనం ఉన్నారు. రేపు చూద్దాంలే అనుకుని వెళ్లిపోయింది. ఆ రేపు మూడు వారాలు సాగింది.

సెలవునాడు పొద్దున పదింటికి సభ. హాలు కిటకిటలాడింది. కాలనీ అధ్యక్షుడు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. ఆ విజిల్ ఇంకా జేబులోనే ఉంటుంది, గొడవ ముదిరితే ఊదుతాడు. పాము చావకూడదు, కర్ర విరక్కూడదు, మధ్యాహ్నం భోజనానికి ఆలస్యం కాకూడదు, అదీ ఆయన సిద్ధాంతం. అత్త మూడో వరుసలో కూర్చుంది. పక్కన ఆమె మొగుడు, ఒకప్పటి బస్సు డ్రైవరు, చేతులు కట్టుకుని అప్పుడే జోగుతున్నాడు.

మందుల షాపాయన ముందు లేచాడు. చెడ్డవాడేం కాదు. "నాకెవరి మీదా ద్వేషం లేదు. వాళ్ల పిల్లలకి దగ్గొస్తే తెల్లారకుండానే షట్టరు తీసి మందిచ్చింది నేనే. కానీ రెండేళ్లయింది. మనతో కలవరు. మన మాట సరిగ్గా మాట్లాడరు. మన అనే భావమే వాళ్లకి లేదు. కలవని వాళ్లకి ఉమ్మడి హాలు ఎందుకండీ?"

కొందరు చప్పట్లు కొట్టారు. ఒక కండక్టరు లేచి "మనం మాత్రం ఎన్నిసార్లు వెనక బ్లాకు మెట్లెక్కాం?" అన్నాడు. ఆ మాటకూ కొన్ని చప్పట్లు పడ్డాయి. ఆ హాల్లోనే పాఠాలు చెప్పే ట్యూషన్ టీచరు తన పిల్లల గంట పోకూడదంది. ఎవరో వెనక నుంచి "ముందు వాళ్లని మాట్లాడనివ్వండి" అన్నారు.

కొత్తమ్మాయి లేచింది. వెనక బ్లాకులో భాష బాగా వచ్చింది తనకే కాబట్టి అందరి తరఫునా తనే. తలగుడ్డ సర్దుకుంది, చేతిలో కాగితం ఉన్నా చూడలేదు. ఎన్నిసార్లు వల్లెవేసిందో, ఒక్క తడబాటు లేదు.

"అందరికీ నమస్కారం. వారానికి ఒక్క గంట చాలు. ఆ గంట మనం అందరం ఈ హాల్లో మన ప్రార్థన చేసుకుంటాం. మన పద్ధతిలో చేసుకుంటాం. మన పెద్దాయన చదివిస్తారు. మన పిల్లలందరికీ కూడా చిన్నప్పట్నుంచే నేర్పిస్తాం."

హాల్లో మిన్ను విరిగి మీద పడ్డట్టయింది.

"విన్నారా! మనం అందరం అట!" "మన పిల్లలకి నేర్పుతారట!" "అడిగింది గంట కాదు, మనందర్నీ!" కుర్చీలు వెనక్కి జరిగాయి. ట్యూషన్ టీచరు తన కూతుర్ని దగ్గరకు లాక్కుంది. అధ్యక్షుడు విజిల్ ఊదాడు, ఎవరికీ వినబడలేదు. మందుల షాపాయన రెండు చేతులూ చాచి "నేను వేరే చెప్పాలా? వాళ్ల నోటితో వాళ్లే చెప్పారు" అన్నాడు. ఆయన మొహంలో గెలిచిన సంతోషం లేదు, నిజంగానే బెదిరిపోయాడు.

కొత్తమ్మాయి మొహం పాలిపోయింది. ఏ మాటకు ఇంత ముప్పు వచ్చిందో తెలియక, మాట నేర్పిన మనిషి కోసం వెతికి, మూడో వరుస వైపు చూసింది.

అత్త ఇరకాటంలో పడింది. లేస్తే ఆ కాగితం బయటికొస్తుంది, సంతకం సంగతి ఈ పిల్ల ముందే తేలిపోతుంది. లేవకపోతే ఆ పిల్ల మామగారికి కిటికీయే గతి, అది కూడా తను నేర్పిన ఒక్క ముక్క వల్ల. దేవుడా, ఇదేం పరీక్ష అనుకుంది. అనుకుంటూనే లేచింది.

"ఆగండి!" ఆ గొంతు రోలర్ల మోతను దాటి వినిపించే గొంతు. హాలు ఆగింది. "తప్పు ఆ పిల్లది కాదు, నాది. ఆ పిల్లకి మేము అనే మాట రాదు. నేనే రానివ్వలేదు. లాండ్రీలో మేము అంటే ఊరుకోనని చెప్పాను. దాంతో అన్నిటికీ మన అనడమే. మన ప్రార్థన అంటే వాళ్ల ప్రార్థన, మన పిల్లలంటే వాళ్ల పిల్లలు."

"ఇప్పుడు మాట మారుస్తున్నారత్తా" అన్నాడు మందుల షాపాయన. "ఇది కూడా ఒక మడతపేచీయే."

"పేచీయా? అయితే విను. ఈ పిల్ల రెండేళ్లుగా తన మొగుణ్ణి మన ఆయన అంటోంది. మన ఆయనకు జ్వరం అంటుంది. మన ఆయన అలిగాడంటుంది. కావాలంటే లాండ్రీ ఆడవాళ్లందర్నీ అడుగు. అంటే ఏంటి, అతగాడు నాకూ మొగుడా? నా మొగుడు ఇదిగో, ఇక్కడే నిద్రపోతున్నాడు!"

డ్రైవరు మామ కళ్లు తెరిచాడు. హాలంతా తననే చూస్తోంది. విషయం ఎంత విన్నాడో ఏమో, నింపాదిగా "అతను ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు.

ముందు లాండ్రీ ఆడవాళ్లు పగలబడ్డారు. తర్వాత కండక్టరు. ఆ తర్వాత హాలంతా. ట్యూషన్ టీచరు నవ్వలేక కుర్చీలో కూలబడింది. వెనక వరుసలో కొత్తమ్మాయి మొగుడు, పొడుగాటి మనిషి, ఎవరో చెవిలో చెప్పగానే ఎర్రబడి గోడవైపు తిరిగాడు. అధ్యక్షుడు విజిల్ ఊదబోయి, నవ్వొచ్చి, గాలి మాత్రమే వదిలాడు.

నవ్వు సద్దుమణిగాక మందుల షాపాయన జేబులోంచి కాగితం తీశాడు. "సరే అత్తా. మాటలో పొరపాటు, ఒప్పుకున్నాను. మరి ఇందులో ఆరో సంతకం మీదే కదా? ఇదీ పొరపాటేనా?"

అత్తకు తల కొట్టేసినంత పనైంది. కొత్తమ్మాయి వైపు చూడలేకపోయింది.

"నాదే" అంది. "నా బుద్ధి గడ్డి తిని పెట్టాను. టీవీ చూసి భయపడ్డాను. నీ సామెత విని తలూపాను. సెలవునాడు నాకు ఇక్కడ ఫ్యాను కింద కునుకు పోతుందని కూడా పెట్టాను, దాపరికం ఎందుకు. మర్నాటికే తప్పని తెలిసింది. కొట్టేయడానికి మూడు వారాలు మొహం చెల్లలేదు. ఆ పెన్నిటివ్వు."

అడ్డంగా ఒక గీత గీసింది. కాగితం చిరిగేంత గట్టిగా గీసింది. తర్వాత కొత్తమ్మాయి దగ్గరికి నడిచి, నలుగురూ వినేలా చెప్పింది. "మమ్మల్ని కలుపుకుంటే మనం. మమ్మల్ని వదిలేస్తే మేము. రెండేళ్ల కిందటే చెప్పాల్సిన ముక్క. ఇప్పుడు మళ్లీ చెప్పు."

కొత్తమ్మాయి అత్త వైపు కాకుండా సభవైపు చూసి, ఒక్కో మాటా నేల మీద పెట్టినట్టు చెప్పింది. "వారానికి ఒక్క గంట. మేము మా ప్రార్థన చేసుకుంటాం. మా పద్ధతిలో. మా పిల్లలకి మేము నేర్పుకుంటాం. మా మామగారు మెట్లెక్కలేరు. అందుకే అడుగుతున్నాం. గంట కాగానే ఊడ్చి తాళం ఇచ్చేస్తాం."

"ఆఁ, అలా చెప్పు తల్లీ!" అన్నారు వెనక నుంచి ఎవరో. హాలంతా వదులైంది. భుజాలు దిగాయి. ఇదేం చోద్యమో చూడండి, కలవడం లేదని అంతసేపు మొత్తుకున్నారా, మన అంటే హడలిపోయారు, మేము అంటే హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. అత్తకు అది ముల్లులా గుచ్చుకుంది. కానీ పని జరుగుతున్నప్పుడు నోరు మూసుకోవాలని ఆ ఒక్కరోజుకి తెలివి తెచ్చుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా.

చేతులెత్తమన్నారు. ఇవ్వమని యాభై రెండు, వద్దని ముప్పై నాలుగు. మందుల షాపాయన చెయ్యి అటూ లేదు, ఇటూ లేదు. ఆరు నెలలు చూసి మళ్లీ మాట్లాడుకుందామని అధ్యక్షుడు ముగించాడు. భోజనం వేళ దాటలేదు. వెళ్తూ వెళ్తూ మందుల షాపాయన కొత్తమ్మాయి మొగుణ్ణి ఆపి, ముసలాయన మోకాళ్లకు ఏం మాత్రలు వాడుతున్నారని అడిగాడు.

అంతా బాగానే ఉంది. కొత్తమ్మాయి మాత్రం అత్తతో మాట్లాడకుండా వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున రోలర్లలోంచి మొదటి దుప్పటి వచ్చింది. అత్త రెండు కొసలు పట్టుకుంది. కొత్తమ్మాయి వచ్చి మిగతా రెండూ పట్టుకుంది. దులిపారు, కలిపారు, అందుకున్నారు. పది దుప్పట్లయ్యాయి. మాటా పలుకూ లేదు. అత్త తిట్లు పడగలదు గానీ మౌనం పడలేదు.

"ఏమే, తిట్టాలనుంటే తిట్టు. ఇలా నోరు కుట్టేసుకుంటే నాకు ఊపిరాడదు."

"నాకు ముందే తెలుసత్తా" అంది కొత్తమ్మాయి.

"ఏం తెలుసు?"

"సంతకం. మా మామగారికి మాత్రలు కొనడానికి వెళ్లాను. కాగితం కౌంటరు మీద ఉంది. అక్షరాలు కూడబలుక్కుని చదివాను. ఆరో వరుసలో మీ ఇంటి నంబరు. మూడు వారాలైంది."

దుప్పటి ఇద్దరి మధ్యా గాల్లో ఆగిపోయింది.

"మరి అడగలేదేమే?"

"మీరే కొట్టేస్తారనుకున్నాను. రోజూ ఇంటికి వెళ్తూ షాపులోకి తొంగి చూసేదాన్ని. ఇవాళ కొట్టేశారేమో, ఇవాళ కొట్టేశారేమో అని."

అత్తకు కళ్లనీళ్లు తిరిగాయి. రేపు చూద్దాంలే అని తను తప్పుకుపోయిన ప్రతి సాయంత్రమూ తన వెనకే ఈ పిల్ల ఆ గుమ్మంలో నిలబడి చూసిందన్నమాట. "తప్పయిందే పిల్లా" అంది. ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఆ బల్ల దగ్గర ఆమె నోట ఎవరూ వినలేదు. దిండు గలీబుల ఆవిడ పని ఆపి చూసింది.

"మూడు వారాలు నాతో ఎలా మడత పెట్టావే తల్లీ?"

"కోపంతోనే పెట్టాను. దుప్పటి గట్టిగా లాగాను. చాలా గట్టిగా. మీకు తెలీలేదా?"

అత్త నోరు తెరుచుకుంది. "అది నువ్వా! రోలరు వేడెక్కువై గుడ్డ కుంచించుకుపోతోందని నేను మేనేజరుతో పేచీ పడ్డాను కదే! పాపం ఆ మెకానిక్కు రెండు రోజులు రోలరు విప్పి, ఏ లోపమూ దొరక్క తల పట్టుకున్నాడు!"

కొత్తమ్మాయి పెదవులు బిగించుకుంది గానీ నవ్వు ఆగలేదు. అత్తకూ ఆగలేదు. చెంగుతో కళ్లు తుడుచుకుంది. రోలర్లలోంచి ఇంకో రెండు దుప్పట్లు వచ్చి బల్ల మీద కుప్ప పడ్డాయి.

"సరే. మరి ఇవాళ్టి నుంచైనా మెల్లగా లాగుతావా?"

కొత్తమ్మాయి కొసలు సరిచూసుకుంటూ నిజంగానే ఆలోచించింది.

"ఇంకో వారం పడుతుందత్తా" అని ఒక్క లాగు లాగింది. అత్త కాళ్లు నిలదొక్కుకుని, తన వైపు కొసలు వదలకుండా పట్టుకుంది.